ఆగమంటే ఆగని సాస్

ఏప్రిల్ సగానికి వచ్చేసరికి మేముండే చోట ఏ సూపర్ మార్కెట్‌కి వెళ్లినా గుమ్మంలోనే తెల్ల ఆస్పరాగస్ ఎదురవుతుంది. బొటనవేలంత లావు, జానెడు పొడవు కాడలు, కొసల దగ్గర కొంచెం ఊదారంగు తిరిగినవి, తడిగుడ్డ కప్పుకుని పడుకుని ఉంటాయి. జర్మనీలో రైన్, నెకార్ నదులు కలిసే మన్‌హైమ్‌కి దగ్గర మాది. పక్క ఊరు ష్వెట్‌జింగెన్. అక్కడి కోట తోటలో 1668 నాటికే ఈ పంట వేశారని ఊరివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఇసుక నేల. కాడ మట్టి పైకి తల పెట్టకముందే, ఎండ తగిలి రంగు మారకముందే, మట్టిలో చెయ్యి పెట్టి తడిమి కోస్తారు. అందుకే ఆ తెలుపు, అందుకే ఆ ధర. సీజన్ మొదట్లో కిలో 10 యూరోలు దాటినా జనం వెనకాడరు. జూన్ 24, సెయింట్ జాన్ పండుగ రాగానే కోత ఆపేస్తారు. వచ్చే ఏడాదికి మొక్క బలం పుంజుకోవాలి కదా. ఉన్నదల్లా రెండు నెలల పైచిలుకు.

నన్ను తొలిచేది ఆ కాడలు కాదు, వాటి పక్కన నిలబెట్టిన పసుపుపచ్చ అట్టడబ్బాలు. హాలండేజ్ సాస్, రెడీమేడ్. మూత తిప్పి గిన్నెలో వంపి వెచ్చబెట్టుకుంటే అయిపోయింది. క్యూలో నా ముందున్న ఆవిడ బుట్టలోకి చూస్తాను. చూడకూడదు అనుకుంటూనే చూస్తాను, క్యూలో చేసే పని ఇంకేముంది? రెండు కిలోల ఆస్పరాగస్, కొత్త బంగాళాదుంపలు, హామ్, రెండు డబ్బాలు. ఇంటికెళ్లి ఆవిడ ఆ కాడలన్నీ తల కింద నుంచి మొదలు దాకా ఒక్కొక్కటీ చెక్కు తియ్యాలి. ఎక్కడ కాస్త చెక్కు మిగిలినా నోట్లో పీచు తగులుతుంది. అంత డబ్బు పోసి, అంతసేపు కూర్చుని చెక్కి, చివరికి దాని మీద డబ్బాలోది పోస్తారా? డబ్బా వెనక చిన్న అక్షరాలు చదివితే చాలావాటిలో వెన్న కంటే ముందు నీళ్లు, రేప్‌సీడ్ నూనె కనిపిస్తాయి, కొంచెం కిందకి వస్తే పిండిపదార్థం. బద్ధకమా? బద్ధకమైతే చెక్కు దగ్గరే బయటపడాలి. రుచి తెలియకపోవడమా? ఈ ఊరివాళ్లకి ఆస్పరాగస్ రుచి గురించి నేనా చెప్పేది! మరేమిటి?

ఇలా ఎందుకు అడుగుతున్నానంటే ఈ సాస్‌లో పడేవి చూస్తే కొనాల్సినంత ఘనమైనవేమీ లేవు. గుడ్డు పచ్చసొన, వెన్న, నిమ్మరసం, ఉప్పు, చిటికెడు కారం. పొయ్యి మీద నీళ్లు సన్నగా కాగుతుంటాయి, ఆ ఆవిరి మీద ఇంకో గిన్నె. అందులో పచ్చసొనలు, చెంచాడు నీళ్లు, కాస్త నిమ్మరసం. నిమ్మరసం ముందే పడితే పచ్చసొన ఇంకాస్త వేడికి ఓర్చుకుంటుంది. విస్క్‌తో గిలకొడుతూ పోతే ముందు నురగ వస్తుంది, తర్వాత నురగ అణిగి చిక్కబడుతుంది, విస్క్ లాగిన చోట గిన్నె అడుగు ఒక్క క్షణం కనబడి మళ్లీ మూసుకుంటుంది. అక్కడ గిన్నె దించెయ్యాలి. ఇక కరిగించిన వెన్న, మొదట చుక్కలుగా, సాస్ పట్టు దొరికాక సన్నని ధారగా. పచ్చసొనలో ఉండే లెసిథిన్ ఒక్కో వెన్న చుక్క చుట్టూ చేరి పక్క చుక్కతో కలిసిపోకుండా కాపలా కాస్తుందట. కరిగిన వెన్న పల్చనే, నిమ్మరసం పల్చనే, అవి పడ్డకొద్దీ గిన్నెలోది ఇంకా ఇంకా చిక్కబడుతుంది. ఇదెక్కడి లెక్క? సైన్సు తెలిసినా నాకది వింతగానే ఉంటుంది. వేడి 70 డిగ్రీలు దాటితే పచ్చసొన ఉడికి పలుకులు కడుతుంది, మరీ చల్లారితే వెన్న గడ్డకట్టి అంతా విడిపోతుంది. ఆ మధ్యనున్న ఇరుకు సందులోనే ఈ వంటంతా. థర్మామీటర్ ఉంది కానీ, వేలు గిన్నె అడుగుకి ఆనించి చూసుకోవడమే నాకు అలవాటు. వేలు చటుక్కున వెనక్కి లాక్కున్నామంటే సాస్‌కి కూడా ఎక్కువైనట్టే.

వంట పుస్తకాలు వండుకోవడానికి కాక చదువుకోవడానికి కొనే మనిషిని నేను. వాటిలో ఈ సాస్ చుట్టూ ఎప్పుడూ ఒక భయం తిరుగుతూ ఉంటుంది. 1651లో పారిస్‌లో అచ్చయిన తన పుస్తకంలో లా వరెన్ అనే వంటవాడు ఆస్పరాగస్‌కి ఒక సాస్ చెప్పాడు: మంచి వెన్న, కాస్త వెనిగర్, ఉప్పు, జాజికాయ, చిక్కబడడానికి ఒక పచ్చసొన. చెప్పి ఊరుకోలేదు, విరిగిపోకుండా చూసుకోమని ఓ మాట కలిపాడు. అప్పటికి దీనికి ఇంకా ఈ పేరు లేదు, భయం మాత్రం ఉంది. ఆ తర్వాత రెండు వందల యాభై ఏళ్లకు, 1903లో, ఎస్కోఫియే అనే వంటవాడు తన పెద్ద వంట పుస్తకం రాసేసరికి ఇది ఫ్రెంచి సాస్‌ల కుటుంబంలో పెద్దవాళ్ల వరసలో కూర్చుంది. 1961లో జూలియా చైల్డ్, ఆమె ఇద్దరు ఫ్రెంచి స్నేహితురాళ్లు కలిసి అమెరికా గృహిణుల కోసం రాసిన పుస్తకంలో దీనికి మూడు పచ్చసొనలు, 170 నుంచి 225 గ్రాముల వెన్న అని కొలత ఇచ్చారు. ఒక పచ్చసొన 85 గ్రాములకు మించి వెన్న పట్టుకోలేదని హద్దు కూడా గీశారు. విరిగితే ఏం చెయ్యాలో వివరంగా రాశారు: వేరే గిన్నెలో చెంచాడు నిమ్మరసం, చెంచాడు విరిగిన సాస్ వేసి గిలక్కొట్టి, అది కుదిరాక మిగతాది కొంచెం కొంచెంగా కలుపుకుంటూ రావాలి. చేసి చూసినవాళ్లకి తెలుసు, అది నిజంగానే తిరిగి కలుస్తుంది. హెరాల్డ్ మెగీ అనే ఆయన వంటింటి సైన్సు మీద రాస్తూ, సాస్ విరగడంలో పచ్చసొన చేతకానితనం లేదని తేల్చాడు. లెసిథిన్ కావలసినంత ఉంది, వెన్న చుక్కలకి మసలడానికి చోటిచ్చే నీళ్లే చాలవు. మరీ బిగుసుకుపోతోంది అనిపిస్తే చెంచాడు గోరువెచ్చని నీళ్లు పొయ్యమన్నాడు. మూడు వందల ఏళ్లు జడిపించిన సాస్‌కి మందు చెంచాడు నీళ్లా! కొంచెం నిరాశ కూడా కలిగింది నాకు. గొప్పవాళ్ల కోపానికి కారణం ఆకలి అని తెలిసినప్పుడు కలిగే నిరాశ లాంటిది.

అయితే విరగడం ఒక్కటే అసలు ఇబ్బంది అయితే డబ్బాలు ఇంత అమ్ముడుపోవు. ఎలక్ట్రిక్ బ్లెండర్ వచ్చాక ఆ భయం సగం తీరిపోయింది. పచ్చసొన, నిమ్మరసం జార్‌లో వేసి, మూతకున్న కన్నంలోంచి మరిగే వెన్న ధారగా పోస్తే రెండు నిమిషాల్లో సాస్. చేత్తో గిలకొట్టినదంత నాజూగ్గా ఉండదు, నిజమే, కానీ డబ్బాలోదానికి దీనికి పోలికే లేదు. జూలియా చైల్డ్ పుస్తకంలోనే ఈ పద్ధతీ ఉంది. ఇంత తేలికైపోయాక కూడా జనం కొంటున్నారంటే చిక్కు ఇంకెక్కడో ఉందన్న మాట. అది ఇక్కడ ఉంది: ఈ సాస్ ఆగదు. పప్పు ఆగుతుంది, పులుసు ఆగితే ఇంకా బాగుంటుంది, పచ్చడి ఏడాది ఆగుతుంది. హాలండేజ్ చేశాక అందరూ వచ్చి కూర్చునేదాకా పొయ్యి మీద ఉంచుదామంటే ఉడికిపోతుంది, దించి పెడదామంటే చల్లారిపోతుంది. మళ్లీ వెచ్చబెడదామంటే విడిపోతుంది. మనమే దాని కోసం కూర్చుని ఉండాలి.

హోటళ్లలో మాత్రం ఎలా ఆగుతోంది మరి? ఈ అనుమానం నాకు ఎగ్స్ బెనెడిక్ట్ తినేటప్పుడల్లా వచ్చేది. ఇప్పుడు జూబ్లీహిల్స్ కెఫేల్లో కూడా ఆదివారం పూట దొరికే ఆ పలహారం, కాల్చిన రొట్టె మీద హామ్, దాని మీద నీళ్లలో వండిన గుడ్డు, పైన ధారాళంగా హాలండేజ్, న్యూయార్క్‌లో పుట్టింది. అక్కడి డెల్మోనికోస్ రెస్టారెంట్ వంటవాడు చార్లెస్ రాన్‌హోఫర్ 1894లో అచ్చేసిన లావుపాటి పుస్తకంలో ఇలాంటిదే ఒకటుంది. లెమ్యుయెల్ బెనెడిక్ట్ అనే స్టాక్ బ్రోకర్ మాత్రం అదే 1894లో, రాత్రి తాగినది దిగక, వాల్డార్ఫ్ హోటల్‌కి వెళ్లి ఇవన్నీ కలిపి తెమ్మన్నది తానేనని 1942లో న్యూయార్కర్ పత్రికతో చెప్పుకున్నాడు. ఎవరిది నిజమైతేనేం, తాగినవాడి ఆకలికి ఇది సరిపోయే తిండి. ఇక ఆంథొనీ బోర్డెయిన్ అనే వంటవాడు తన హోటల్ వంటిళ్ల గుట్టు రట్టు చేస్తూ 2000లో రాసిన పుస్తకంలో ఈ సాస్‌ని వదల్లేదు. ఆర్డర్ వచ్చాక హాలండేజ్ చేసేవాణ్ని తాను చూడనే లేదని, గోరువెచ్చగా గంటల తరబడి ఉన్న ఆ గిన్నె అంటే క్రిములకి మహా ఇష్టమని అన్నాడు. చదివాక కొన్నాళ్లు బెనెడిక్ట్ జోలికి పోలేదు. ఆ తర్వాత తట్టింది: హోటల్ గొప్పతనం అని మనం అనుకునే ఈ సాస్‌కి హోటలే సరిపడని చోటు. వందమంది వందసార్లుగా వచ్చే చోట ఇది నిలవదు. నలుగురు ఒకే బల్ల చుట్టూ ఒకేసారి కూర్చునే చోటే దీనికి తగింది. అంటే ఇల్లు.

అలా అనుకున్న సంతోషం ఎంతోసేపు నిలవలేదు, వెంటనే మా అమ్మ గుర్తొచ్చింది. తెనాలిలో ఆదివారం పొద్దున్నే మినప దోసెలు. నాన్న, అన్నయ్య, నేను పీటల మీద వరసగా కూర్చుంటే అమ్మ పొయ్యి దగ్గర నిలబడి ఒక్కొక్కటే వేసి కంచంలో పడేసేది. దోసె కూడా ఆగదు. పెనం మీంచి కంచంలోకి వచ్చిన అర నిమిషమే దాని ప్రాణం. ఆ అర నిమిషం మాకు దక్కాలంటే ఆ పొయ్యి దగ్గర ఒక మనిషి నిలబడి ఉండాలి. పెనానికి అంటుకుని చిరిగిపోయే మొదటి దోసె ఎప్పుడూ ఆవిడే నిలబడి నోట్లో వేసుకునేది, అదే అన్నింటికన్నా రుచి అనేది. మేం లేచాక అడుగు పిండితో చివరి దోసె వేసుకునేది. రుచి అన్నమాట నిజమేనా? ఇన్నేళ్ల తర్వాత దాని మీద జాలి కథ అల్లడం నాకు తేలికే, చాలామంది అల్లారు కూడా. కానీ అదే పూర్తి సంగతి అని నాకు నమ్మకం లేదు. ఆ పెనం ఇంకొకరు ముట్టుకుంటే ఆవిడకి నచ్చేది కాదు. ఎవరి కంచంలో ఎప్పుడు పడాలో, ఎవరికి చాలో ఆవిడే తేల్చేది. నాన్న పేపరు పట్టుకుని ఆలస్యం చేస్తే ఆయన వంతు దోసె అన్నయ్యకి పోయేది. ఇంట్లో నాన్న మాట చెల్లని అరగంట అదొక్కటే. అయినా సరే, ఆ అరగంటలో మేం నవ్వుకున్న కబుర్లు ఆవిడ వంటింట్లోంచి వినేదే తప్ప మా పక్కన కూర్చుని వినలేదు. రెండూ నిజమే అనుకుంటాను. ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని ఎందుకు వదలాలి?

ఇలా చూశాక ఆ పసుపుపచ్చ డబ్బా మీద నా కోపం మెత్తబడింది. అందులో ఉన్న పిండిపదార్థం రుచిని మందగింపజేస్తుంది కానీ సాస్‌ని విరగనివ్వదు, మరిగించినా ఊరుకుంటుంది, చల్లారాక మళ్లీ వెచ్చబెట్టనిస్తుంది. అంటే ఆ ఇంటావిడ చెక్కు తీయడం, ఉడికించడం అన్నీ ముందే ముగించుకుని, అందరితో పాటే కుర్చీ లాక్కుని కూర్చోవచ్చు. మే నెల ఆదివారం మధ్యాహ్నం, బాల్కనీలో బల్ల, కొడుకూ కోడలూ మనవలూ వచ్చి ఉంటారు. చెక్కు తీయడం అందరూ కూర్చుని కబుర్లాడుతూ చేసుకోగలిగే పని, కాబట్టి దాన్ని కొనుక్కోరు. సాస్ ఒక్కరు విడిగా పొయ్యి దగ్గర నిలబడి చెయ్యాల్సిన పని, అందుకే కొనుక్కుంటారు. నేను బద్ధకం అనుకున్నది ఒక రకం లెక్క. రుచి పోగొట్టుకుని కుర్చీ తెచ్చుకున్నారు. ఈ బేరం తప్పని చెప్పే ధైర్యం నాకు లేదు. కానీ బేరం ఇంత ఖరీదుగా ఉండాలా అన్నది మాత్రం అడగొచ్చు.

అడిగితే జవాబు మా కింది వాటాలో ఉంది. అక్కడుండే పెద్దావిడకి ఎనభై దాటాయి. ఒక శనివారం మెట్ల మీద ఆస్పరాగస్ సంచితో ఎదురైతే మాటల్లో ఈ సాస్ సంగతి వచ్చింది. "డబ్బా కొంటారా మీరు?" అని అడిగాను. ఆవిడ నా వంక చూసిన చూపుకి అర్థం చెప్పక్కర్లేదు. "నేను పదిన్నరకే చేసేసుకుంటాను, భోజనం పదకొండున్నరకి" అన్నారు. అంతసేపు ఎలా ఉంటుందండీ అంటే, లోపలికి పిలిచి అలమర తెరిచి చూపించారు. ఫ్లాస్కు. భర్త ఫ్యాక్టరీకి కాఫీ పట్టుకెళ్లిన స్టీలు ఫ్లాస్కు. దాన్ని ముందు వేడినీళ్లతో తొలిచి, నీళ్లు పారబోసి, చేసిన సాస్ అందులో పోసి మూత బిగిస్తే గంటసేపు పోసింది పోసినట్టే ఉంటుంది. రెండు గంటలు దాటనివ్వకూడదు, పచ్చసొన వ్యవహారం కాబట్టి. "కాఫీ వాసన రాదూ?" అన్నాను. "నలభై ఏళ్లుగా తింటున్నారు, ఎవరూ అనలేదు" అన్నారావిడ. వంట పుస్తకాల్లో మంచి వంటవాళ్లు కూడా చెప్పే చిట్కాయేనట ఇది, తర్వాత తెలిసింది. ఆస్పత్రికి పాలు, రైల్లోకి కాఫీ తప్ప ఫ్లాస్కుకి ఇంకో జన్మ ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఆగమంటే ఆగని దాన్ని ఒక గంట ఆపడానికి గొప్ప యంత్రమేమీ అక్కర్లేకపోయింది. దోసెకి ఇలాంటిది ఏదైనా ఉంటే బాగుండేది. హాట్‌ప్యాక్ అంటారేమో, హాట్‌ప్యాక్‌లోంచి తీసిన దోసె తిన్నవాళ్లు ఆ మాట అనరు.

ఫ్లాస్కు దొరికాక మా ఇంట్లో ఈ సాస్ ఆస్పరాగస్‌ని దాటి బయటికొచ్చింది. మొదట బంగాళాదుంప. కొత్త దుంపలు తోలుతోనే ఉడికించి, చిదిమి, మీద పోసుకుంటే ఇంట్లో హామ్ వండుకోని మాకు అదే భోజనం. తర్వాత కాలీఫ్లవర్. ఆవిరి మీద ఉడికించిన పువ్వు మొత్తంగా పళ్లెంలో పెట్టి, సాస్ పోసి, ఓవెన్‌లో పైమంట కింద రెండు మూడు నిమిషాలు ఉంచితే పైన గోధుమరంగు మచ్చలు లేస్తాయి. జర్మన్ ఇళ్లలో బ్రకోలీతో, చికెన్‌తో ఇలా చేయడం మామూలే. కళ్లు తిప్పితే విరిగే చోటు అదే కాబట్టి ఓవెన్ తలుపు దగ్గరే ఉండాలి. ఆర్టిచోక్ ఇంకో సంగతి. రేకులు ఒక్కొక్కటే పీకి, మొదలు సాస్‌లో ముంచి, పళ్లతో గీరి తిని, పిప్పి పళ్లెం పక్కన పడేసుకోవడం మునక్కాడ తినడం వచ్చినవాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. చేపల్లో సాల్మన్ దీనికి జోడీ అంటారు. నాకు మాత్రం మన పండుగప్ప లాంటి తెల్లకండ చేప, మసాలా ఏదీ లేకుండా ఆవిరి మీద ఉడికించి, దీనితో తినడమే ఇష్టం. ముళ్లు తీసిన ముక్క, ఉప్పు, ఈ పులుపు. కారం లేని చేప ఏమిటని మా ఆయన మొదట మొహం పెట్టారు. ఇప్పుడు అడిగి చేయించుకుంటారు, అయితే పైన మిరియాలు దంచి చల్లుకుంటారు, అది ఆయన హక్కు.

సాస్‌ని కూడా కాస్త అటూ ఇటూ జరపొచ్చు. నిమ్మరసం బదులు ఎర్ర నారింజ రసం పోస్తే మాల్తేజ్ అవుతుంది, దాన్ని ఆస్పరాగస్‌తోనే తినాలంటారు ఫ్రెంచివాళ్లు. చిలికిన మీగడ కలిపితే ముసలీన్, చేపకి తేలిక. వెనిగర్‌లో చిన్నుల్లి, టారగన్ ఆకు వేసి ఇంకించి, ఆ సారంతో మొదలుపెడితే బేయర్నేజ్. అది మాంసం తినేవాళ్లది, మా ఇంట్లో అంత నడవదు. ఇక్కడి ఇళ్లలో ఆస్పరాగస్ తొక్కలు ఉడికించిన నీళ్లే ఓ చెంచాడు సాస్‌లో కలుపుతారు, దాంతో కాడకీ సాస్‌కీ చుట్టరికం కుదురుతుంది. నాకు మాత్రం నెయ్యి మీదికే మనసు పోయింది. ఫ్రెంచి వంటలో వెన్న తేర్చి తెట్టె తీసేస్తారు, కొందరు వెన్ననే గోధుమరంగు వచ్చేదాకా కాచి ఇంకో రకం సాస్ చేస్తారు. మన నెయ్యి ఈ రెండో దానికి దగ్గర. అడుగున గోకుడు ఎర్రబడేదాకా కాచి దించిన నెయ్యి కదా, ఆ కమ్మదనం పచ్చసొనతో కలిస్తే వచ్చే వాసన వెన్నతో రాదు. అయితే వెన్నలో ఆరో వంతు దాకా నీళ్లుంటాయి, నెయ్యిలో ఉండవు. ఆ నీళ్లు మనం పొయ్యాలి, లేకపోతే మెగీ చెప్పిన ఇరుకే, బిగుసుకుని విరిగిపోతుంది. మూడు పచ్చసొనలకి ఇంకో రెండు చెంచాల నీళ్లు ఎక్కువ పోస్తే సరి. ఇంటి నుంచి తెచ్చుకున్న గేదె నెయ్యితో చేస్తే చల్లారేకొద్దీ తొందరగా పేరుకునే గుణం కూడా ఉంటుంది, ఫ్లాస్కు తప్పనిసరి. కాయెన్ మిరపపొడి వెయ్యమన్న చోట గుంటూరు కారం వేస్తాను, చిటికెలో సగం. పెద్దావిడకి ఒక గిన్నెడు పంపాను. మర్నాడు గిన్నె కడిగి తిరిగిచ్చి, "చాలా బాగుంది, కానీ ఇది హాలండేజ్ కాదు" అన్నారు. వాదించలేదు. ఆవిడ చెప్పింది నిజమే కావచ్చు.

ఇంత చేసినా ఒక్కోసారి నాలుగైదు చెంచాలు మిగులుతుంది. వెంటనే ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి పసుపుపచ్చ ముద్ద. దాన్ని మళ్లీ సాస్ చేద్దామని పొయ్యి మీద పెడితే పోయినట్టే. సాస్ అన్న సంగతి మరిచిపోయి వెన్న అనుకుంటే చాలా పనికొస్తుంది. ఉడికించిన బీన్స్ మీద చెంచాడు వేసి కలిపితే ఆ వేడికే కరుగుతుంది. చిదిమిన బంగాళాదుంపలో కలపొచ్చు. పాలు, మైదాతో చేసే తెల్ల సాస్ దించేశాక చెంచా చెంచాగా గిలక్కొడితే అది ఒక మెట్టు ఎక్కుతుంది, జూలియా చైల్డ్ చెప్పిన ఉపాయమే. ఒక్క రోజు దాటితే మాత్రం నేను ఉంచను.

తెల్లసొనల సంగతి ఏ పుస్తకమూ సరిగ్గా పట్టించుకోదు. మూడు పచ్చసొనలు తీసుకున్న ప్రతిసారీ గిన్నెలో మూడు తెల్లసొనలు మిగులుతాయి, పెళ్లిలో అబ్బాయి వైపువాళ్లు వెళ్లిపోయాక మిగిలిన అమ్మాయి వైపు పిల్లల్లాగా ఎవరికీ పట్టకుండా. మెరాంగ్ చెయ్యమంటారు. అంత పంచదార ఎవరు తింటారు? మా ఇంట్లో వాటిలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర తరిగి వేసి, మర్నాడు పొద్దున పల్చటి అట్లు వేస్తారు. వేస్తాను కాదు, వేస్తారు. సాస్ నాది, అట్లు మా ఆయనవి, ఎప్పుడు కుదిరిందో గుర్తులేని ఒప్పందం. తెల్లసొన అట్టు కూడా ఆగే రకం కాదు, చల్లారితే రబ్బరు. అందుకని ఆయన పెనం దగ్గర నిలబడి ఒక్కొక్కటే మా కంచాల్లో పడేస్తారు, మధ్యలో ఎవరూ పెనం ముట్టుకోకూడదంటారు. చివరి అట్టు వేసుకుని ఆయన కుర్చీ లాక్కునేసరికి మా కాఫీలు అయిపోతాయి.